నొప్పి లేనట్టే లెక్క

మెడ ఆపరేషనైన ఆర్నెల్లకు చెకప్‌కి వచ్చిన దర్జీ ఆవిడ ముందు, నర్సు ప్రశ్నల కాగితం పట్టుకుని కూర్చుంది.

"బరువులెత్తితే మెడ నొప్పా అమ్మా?"

"ఎత్తడమే మానేశాను."

"అయితే నొప్పి లేదు. చదివేటప్పుడు?"

"తల వంచితే ప్రాణం పోయినంత పనవుతుంది. పేపరు ముట్టుకోవట్లేదు."

"అదీ లేదు. పనిలో?"

"కుట్టలేక మిషను అమ్మేశాను తల్లీ!"

"చెయ్యని పనికి నొప్పి లేనట్టే లెక్కమ్మా. మా పద్ధతంతే."

"ఛీ! మీ తెలివి తెల్లారినట్టే ఉంది."

"కోప్పడకండి. మొత్తం మీద చాలా నయమైనట్టే. డాక్టరుగారు పెద్ద డాక్టర్ల మీటింగులో మీ గురించే గొప్పగా చెప్తారు. నిద్ర ఒక్కటే పట్టట్లేదని ఇందాక అన్నారు, లేకపోతే నూటికి నూరు."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"నేను చచ్చాక రా. అదీ బాగా పడుతోందని రాసుకుందువుగాని."