రాతి మీద పడని చుక్క

డబ్లిన్ నుంచి బయల్దేరి, పడవెక్కి, దారిపొడుగునా వాంతులు చేసుకుంటూ వచ్చి కూడా నవ్వుమొహంతో అధ్యక్షత వహిస్తున్న స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ గారికి, ఫాదర్ టైగ్ గారికి, టీ చల్లారిపోతోందని నన్ను గుర్రుగా చూస్తున్న ఆడపడుచులకు, ముప్ఫయ్యారేళ్లు ఈ దీవి పిల్లలకు మన ఐరిష్ నేర్పి, రేపు మధ్యాహ్నం పడవకి గాల్వే వెళ్లిపోతున్న గోబ్నత్ టీచర్ గారికి నమస్కారాలు.

సమాధిరాళ్లు చెక్కేవాడికి మైకెందుకిచ్చారని గుసగుసలు వినిపిస్తున్నాయి. టీచర్ గారికీ నాకూ ఆరేళ్లుగా మాటల్లేవని ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గారికి తప్ప అందరికీ తెలుసు. (నవ్వులు)

అయ్యా, మీరు బడిలో నేర్చి మర్చిపోయుంటారు, మనకు 'డీలిష్' అని ఒక విశేషణం ఉంది. నమ్మకమైన అని అర్థం, ప్రాణప్రదమైన అనీ అర్థం, సొంతమైన అనీ అర్థం. నా భార్య సైవ్‌కి మూడూ సరిపోయేవి. ఈ మాట ఎప్పుడూ నామవాచకం వెనకాలే నడుస్తుంది. ముందున్నది మగమాటైతే డీలిష్‌గానే ఉంటుంది, ఆడమాటైతే మొదటి అక్షరం మెత్తబడి 'యీలిష్' అవుతుంది. పాత లిపిలో ఆ మెత్తదనానికి గుర్తు అక్షరం నెత్తిన ఒక్క చుక్క.

ఆరేళ్ల కిందట సైవ్ పోతే రాయి నేనే చెక్కాను, ఆమె పేరు వెనకాల ఈ మాట పెట్టి. చుక్క పెట్టలేదు. ప్రార్థన అయ్యాక టీచర్ గారు ఊరందరి ముందూ, "కోల్మన్, చుక్క మర్చిపోయావు. మా సైవ్‌ని మగాణ్ణి చేశావు కదయ్యా!" అన్నారు. "మీ పెత్తనం మీ బడిలో చూపించుకోండి, నా రాయి జోలికి రాకండి" అన్నాను. అదే ఆఖరి మాట.

టీచర్ గారూ, నాకు వ్యాకరణం రాక కాదండీ. ఆ రోజు కన్నీళ్లకి అక్షరం నెత్తి కనపడలేదు. మీరన్న క్షణమే మీదే నిజమని తెలిసింది. ఒప్పుకుంటే అందరి ముందూ ఏడ్చేస్తానని పోట్లాటకి దిగాను. సైవ్‌కి మీకంటే దగ్గరి నేస్తం లేదు. ప్రతి ఆదివారం మీరక్కడ పూలు పెడుతుంటే చూసి కూడా తల తిప్పుకుపోయాను. సిగ్గేస్తోంది. తప్పు నాది.

ఉలి పదును పెట్టి ఉంచాను. పొద్దున్నే సమాధి దగ్గరికి రండి. ఉలి నేను పట్టుకుంటాను, సుత్తి మీరే వెయ్యాలి. నా వేళ్లు నలిగినా ఫరవాలేదు. (నవ్వులు) ఇప్పుడే జవాబు చెప్పక్కర్లేదు...

(ముందు వరసలోంచి టీచర్ గారు: "ఎన్నింటికి రమ్మంటావు?")

ఏడింటికండీ.

అందరికీ కృతజ్ఞతలు. సెలవు.