నల్లగుడ్డ మీద సీసా

– బి. సింధుజ, పరిశోధన సహాయకురాలు

1989 జూలై 3వ తేదీ ఉదయం, వికారాబాద్‌లోని మన పరిశోధనాలయంలో సీసాలు కడుగుతున్న ఇరవై నాలుగేళ్ళ యువకుణ్ణి నియామకపత్రం మీద సంతకం చేయడానికి పిలిచారు. అంతవరకు రోజుకూలీగా ఉన్న శ్రీ యాకోబు గారు, "జర ఆగుండ్రి సారూ, గీ నాలుగు సీసాలు కడిగి వస్త" అన్నారట. ఆ సంతకం పావుగంట ఆలస్యమైన సంగతి రికార్డుల్లో లేదు గానీ, పాతవాళ్ళందరికీ తెలుసు.

బంట్వారం దగ్గర వ్యవసాయ కూలీల ఇంట జన్మించి, పదో తరగతితో చదువు ముగించిన యాకోబు గారు, ప్రతి పనినీ చూసి నేర్చుకుని, 1998లో ల్యాబ్ అటెండరుగా, 2009లో శీతల భాండాగార బాధ్యులుగా పదోన్నతి పొందారు. ఫ్రీజర్ తాళంచెవిని ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. డైరెక్టరు గారు అడిగినా తామే వెంట వెళ్ళి తీసేవారు. అయినా సీసాలు కడిగే పనిని వదల్లేదు. కడిగే ముందు ప్రతి సీసానూ తొట్టి పక్కన పరిచిన నల్లగుడ్డ మీద ఉంచి, తిప్పి తిప్పి చూసేవారు. కొత్తగా చేరిన మేము లోలోపల నవ్వుకునేవాళ్ళం.

టీకా వేసుకున్నవారి రక్తకణాలు కరోనాను గుర్తుపడతాయా అనే పరిశీలన 2022లో మన దగ్గర మొదలైంది. అందుకు వైరస్ అక్కరలేదు. దాని మీద ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్‌లోని చిన్న భాగాన్ని పోలిన పెప్టైడ్ అనే తునకను రసాయనికంగా తయారుచేస్తే చాలు. రెండు నెలలు ఎదురుచూశాక అది పొడి రూపంలో ఒకే ఒక్క సీసాలో వచ్చింది.

"గిదేనా దునియాను పరేషాన్ చేసింది?" అని యాకోబు గారు అడిగారు.

"కాదు కాకా, దాని ముల్లుల చిన్న ముక్క అసొంటిది. పానం లేదు, రోగం రాదు" అన్నాను నేను.

"పానం లేనిదానికి ఫ్రీజర్ల గింత మర్యాదనా!"

మర్నాడు నేను సీసా తెరిస్తే లోపల ఏమీ కనిపించలేదు. ఆ పొడి పలుచని పొరలా గాజుకు అంటుకుంటుందని చదివి కూడా, ఖాళీ సీసా పంపారని కంపెనీకి ఫిర్యాదు రాసి, దాన్ని కడిగే ట్రేలో వేశాను. సాయంత్రం యాకోబు గారు మూత బిగించి తెచ్చి, నల్లగుడ్డ పరిచి నాకు చూపించారు. సీసా అడుగున తెల్లని మరక.

"నీళ్ళు పోస్తే పోతుండె, బిడ్డా."

ఆ మాట ఆయన మరెవరి ముందూ అనలేదు. కానీ నేను ఈ పనికి తగనని తేల్చుకుని, తాండూరులోని మా ఇంటికి వెళ్ళిపోయాను.

తరువాతి పరీక్షలన్నీ ఆ మరకతోనే జరిగాయి. పదవీ విరమణ చేస్తున్న ఆయన ముప్పై ఆరేళ్ళ సేవకు మనమందరం ఋణపడి ఉన్నాం. సతీమణి సంతోషమ్మ గారితో కలిసి యాకోబు గారు సొంత ఊళ్ళో, సంపూర్ణారోగ్యంతో, చిరకాలం ప్రశాంతంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. నేను ఇవాళ ఈ వీడ్కోలు సంచికలో రాయగలగడానికి కారణం ఒకటుంది. అది చెప్పి ముగిస్తాను.

నేను ఇల్లు కదలని మూడో రోజు ఉదయం ఆయన రైలు దిగి మా ఇంటికి వచ్చారు. మా అమ్మ చాయ్ అందిస్తూ, "పోరి పనికి పోనంటున్నది అన్నా, జర నువ్వన్న చెప్పు" అంది. ఆయన చాయ్ తాగారు. జేబులోంచి ఫ్రీజర్ తాళంచెవి తీసి, నా ముందు బండ మీద పెట్టారు. గడప దాటి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.