పన్నెండో ప్యాచ్

ఇళ్లలో వాడే ఆక్సిజన్ మిషన్లు తయారయ్యే చోటు. మిషన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి మూలమైన కెర్నల్ మీద తమ మార్పుల్ని ప్యాచ్‌లుగా, అంటే చిన్న చిన్న అతుకులుగా, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించే గది. సెలవు నుంచి తిరిగొచ్చిన పెద్ద ఇంజనీరు, ఆయన దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి.

"రేపు చూద్దాం లెండి అన్నా. ఇంట్లో పెద్దదిక్కు పోయి పదిరోజులైనా కాలేదు."

"చూడ్డానికే వచ్చా. తెరువు."

"మీ కుర్చీ ఎవరో లాక్కెళ్లారు. నాది తీసుకోండి."

"నిలబడతా. తెరువమ్మా."

"ఇదిగో. అన్నీ ఉన్నాయి. ఒకటి నుంచి ఇరవైమూడు."

"ఫోల్డర్ కాదు. ఎక్కించిన వరస చూపించు."

"అదే..."

"పది. పన్నెండు. పదకొండేది?"

"పన్నెండు తర్వాతుంది."

"ఎవరు మార్చారు?"

"పదకొండు కొత్త కెర్నల్ మీద ఎక్కలేదన్నా. సరిచేసేలోపు పన్నెండు ఎక్కించేద్దామని దాన్ని కిందికి జరిపాం."

"జరిపాం అంటే?"

"జరిపారు. మీరే. ఆ రోజు అందరం పరుగుల మీద ఉన్నాం."

"ఊఁ. పన్నెండు ఏం చేస్తుంది?"

"మీకు తెలీదా?"

"నువ్వు చెప్పు."

"కరెంటు పోతే బజర్ కొట్టిస్తుంది. బ్యాటరీ అయిపోయేలోపు ఇంట్లోవాళ్లు సిలిండర్ తగిలించుకోవాలిగా."

"ఎక్కడ అతుక్కుంది?"

"ప్యాచ్ చుట్టుపక్కల లైన్లు చూసేగా తన చోటు గుర్తుపట్టేది. పదకొండు ముందే ఎక్కి ఉంటే తేడా తెలిసేది. అది లేకపోయేసరికి కరెంటు పోయే చోటూ, వచ్చే చోటూ ఒకే పోలిక. తాగొచ్చినవాడిలా పక్కింట్లో దూరింది."

"అంటే?"

"కరెంటు వచ్చినప్పుడు కొడుతోంది. పోయినప్పుడు కొట్టట్లేదు. నిన్న ప్లగ్గు తీసి పెట్టి చూశా."

"బిల్డ్ చేసేటప్పుడు కంప్యూటర్ ఏమీ అనలేదా?"

"కొంచెం అటూ ఇటూగా అతికించానని ఒక లైను. ఎర్రగా కూడా లేదు. వేల లైన్లలో అదెవరు చదువుతారన్నా?"

"నేను చదివా."

"మీరా?"

"చదివా. ఎక్కిందిగా, చాల్లే అనుకున్నా."

"పోనీండి. బయటికెళ్లింది ఒక్క మిషనే, అదీ పరీక్షకి. మిగతా నలభై ఇక్కడే ఉన్నాయి. వరస సరిచేసి ఇవాళే ఎక్కించేస్తా."

"ఆ ఒక్కటీ?"

"తిరిగొచ్చింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి. వాడే మనిషి... మీకు చెప్పే ఉంటారు."

"రిపోర్టులో ఏం రాశావ్?"

"బజర్ మోగలేదని. ఎవరింటికెళ్లిందో రిజిస్టర్లో మీరు రాయలేదు, ఖాళీ వదిలేశా. ఇంటివాళ్లు ముందుగా ఏమైనా చెప్పారా అని ఒక గడి ఉంది. ఎవరూ ఏమీ చెప్పలేదని నింపేశా."

"కొట్టెయ్."

"ఎందుకు?"

"మొదటిరోజే ఫోన్ చేసింది. కరెంటొస్తే కూస్తోంది, పోతే గమ్మునుంటోంది, ఇదేం విడ్డూరంరా అని. అలవాటైపోతుందిలే అమ్మా, అన్నాను."