పెద్ద నరంలో సున్నం

నల్లగొండలో ఒక దవాఖాన. స్టెంటు వేసి వార్డుకు తెచ్చి గంటయినా కాలేదు, చండూరు నేతగాడు వెంకటరాజం మంచం మీద కూర్చుని ఒకటే నవ్వుతున్నాడు. పక్కన కూతురు రోజారమణి.

“...గందుకే కొయ్యలేదు బిడ్డా! పెద్ద నరంల సున్నం గట్టిందట, సున్నం!”

“మెల్లగ నాయినా. అందరు జూస్తున్నరు.”

“సూడనియ్యి. ఛాతి కోసి బైపాసు జేద్దామనుకున్నరా? స్కాన్ల జూస్తే గుండెకెల్లి పొయ్యే పెద్ద నరం గోడ గచ్చు లెక్క అయ్యిందట. ఆడ పట్టుకారు పెడితే పెళ్లలు ఊడి మెదడుకు పోతయట. సున్నమే నన్ను కాపాడింది!”

“కాపాడలే. అది మంచిది గాదని గూడ జెప్పిండ్రు. మాత్రలు, నడక...”

“స్టెంటేసిన డాక్టరును ‘పాన్ల సున్నమా సారూ’ అనడిగిన. నవ్విండు. ‘కాదు పెద్దయ్యా, ముప్పై ఏండ్ల బీడీలు, బీపీ’ అన్నడు. మణికట్టుకెల్లి తీగ తోలిండు సూడు, మగ్గంల నాడె ఉరికినట్టే! బంగారమసొంటి పిలగాడు. పేరేంది ఆయినది?”

“ఏమో... నీళ్లు తాగుతవా?”

“పేరు అడిగితే నీళ్లంటవేంది?”

“డాక్టర్లు శానమంది ఉంటరు నాయినా. గుర్తులేదు.”

“నాలుగేండ్ల సంది ‘చేస్కుంటె ఆయిన్నే’ అని కూసున్నవ్ గదా, ఆ మర్రిగూడ పిలగాడు. ఆయిన గూడ డాక్టరే గదా?”

“ఇప్పుడెందుకది? బీపీ పెరుగుతది.”

“వాళ్లు చర్చికి పోతరని, మొఖం గూడ సూడకుంట కాదన్న.”

“నాయినా, జర పండుకో.”

“నీకెందుకు చెమటలు పడ్తున్నయే? స్టెంటు నాకా, నీకా?”

“నవ్వకు! కుట్లు... కుట్లు లేవు గని, నవ్వకు. నాయినా, ఒకటి జెప్త, కోపం జెయ్యొద్దు. నీకు స్టెంటేసింది...”

“విజేందర్.”

“...నీకెవరు జెప్పిండ్రు?”

“ఆయినే. తీగ పెట్టకముందే మాస్కు తీసి, ‘నేనే ఆ విజేందర్‌ను పెద్దయ్యా. మీకు ఇష్టం లేకపోతె వేరే డాక్టర్ను పిలుస్త’ అన్నడు.”

“అయ్యో! నువ్వేమన్నవ్?”

“‘జర చెయ్యి వణకనియ్యకు అల్లుడా’ అన్న.”