మే నెల రిపోర్టు

మెట్‌పల్లికి కొద్ది దూరంలో, ఒక ఊరి ఆరోగ్య కేంద్రం. అక్టోబరులో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. నర్సు రిబ్కమ్మ, జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన సూపరింటెండెంటు ఓంప్రకాశ్.

"సంతకం ఎందుకు పెట్టను సార్, పెడుత. సదివి పెడుత."

"సదివేదేం లేదు సిస్టర్. మామూలు కాయిదమే."

"మామూలు కాయిదానికి మీరు జీపేసుకోని వచ్చిండ్రా? జర ఆగుండ్రి. 'మంగళవారపు మహిళా క్లినిక్‌కు వచ్చు రోగుల సంఖ్య స్వల్పముగా ఉన్నందున...' స్వల్పముగా ఉన్నరని ఎవలు చూసిండ్రు సార్?"

"నేను రాసింది కాదు. పైకెళ్లి వచ్చిన ఆర్డరు."

"ఎంత పైకెళ్లి? కొండగట్టంత పైకెళ్లా?"

"నా మీద కోపమెందుకు సిస్టర్? ఈసారి ఫండ్సు సగానికి సగం కోసిండ్రు. అన్ని సెంటర్లకు గిట్లనే అయింది. అయినా మనం ఎత్తేస్తలేం గదా, విలీనం చేస్తున్నం."

"విలీనం."

"అవును. జనరల్ ఓపీల కలుపుతున్నం. ఆడోళ్లు గాడికే వచ్చి చూపించుకోవచ్చు."

"జనరల్ ఓపీల ఎవలుంటరో ఎప్పుడన్న చూసిండ్రా? కుక్క కరిచినోడుంటడు. బండి మీదికెళ్లి పడ్డోడుంటడు. బీపీ గోలీలకొచ్చిన ముసలాయన, ఆయన ఎనక ఆయన దోస్తు. గా లైన్ల నిలబడి ఒకామె, సార్, నాకు తెల్లబట్ట అయితుంది, వాసనొస్తుంది అని మొగ డాక్టరుకు చెప్పాలె. గంతేనా?"

"డాక్టరు డాక్టరే గదా. గంత సిగ్గుపడితే ఎట్ల."

"మరి మీకు మొలలైనప్పుడు హైదరాబాద్ దాకా ఎందుకు పోయిండ్రు సార్? ఇక్కడ మన డాక్టరమ్మ చూస్త అన్నది గదా."

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"డాక్టరు డాక్టరే అంటిరి గదా, యాదికొచ్చింది."

"సిస్టర్, నాకు ఇంకా రెండు సెంటర్లు తిరుగేదుంది."

"తిరుగుదురు తియ్యుండ్రి. మూసేటియి యాడికి పోతయ్? ఇది తెరిచిన నాడు మూడు కార్లు వచ్చినయ్. రిబ్బన్ కోసెటందుకు కత్తెర మర్సిండ్రు. కుట్లేసే కత్తెర నేనే ఇచ్చిన. ఫోటోలు దిగిండ్రు, కత్తెర జేబుల ఏసుకోని పోయిండ్రు. ఇప్పటిదాక తిరిగి రాలే."

"చిన్న చిన్న సంగతులు..."

"మొదటి ఆరు నెలలు ఒక్కతి రాలే సార్. ఇంటింటికి పోయి పిలిచిన. తర్వాత వచ్చిండ్రు, కొంగు మూతికి అడ్డం పెట్టుకోని. మొదటిసారి తలనొప్పి అనేటోళ్లు. రెండోసారి నడుమునొప్పి. మూడోసారికి తలుపు ఏసినంక, అమ్మా, రెండేండ్ల సంది గిట్లయితుంది అని ఏడ్సేటోళ్లు. గా మూడోసారి దాక తెచ్చుడు ఎంత కష్టమో మీకెర్కేనా? గప్పుడే మీరు డాక్టరమ్మను పదిహేను దినాలకోసారి చేసిండ్రు. తర్వాత నెలకోసారి. తర్వాత రానే రాలే. ఇప్పుడొచ్చి, స్వల్పముగా."

"నాకు అర్థమైతది సిస్టర్."

"అర్థం గాలే సార్. అర్థమైతే ఆ పెన్ను లోపల పెడుదురు. సరే, గది ఇడిసిపెట్టుండ్రి. ఏప్రిల్ల నేను పంపిన నమూనాల రిపోర్టులేమైనయ్? గర్భసంచి మూతి కాడ పరీక్షకు తీసినయి. ఇరవై ఇద్దరియి."

"వచ్చినయ్. తెచ్చిన. బ్యాగుల ఉన్నయ్."

"వచ్చినయా? ఎప్పుడొచ్చినయ్?"

"ఈ మధ్యనే."

"ఇటియ్యుండ్రి. ఈ మధ్యనేనా? మే తొమ్మిది అని ముద్దర కొట్టి ఉంది."

"రిపోర్టులు సెంటర్లకు పంపే పిల్లోని పోస్టు తీసేసిండ్రు. గందుకే..."

"మీ ఆఫీసు కెళ్లి ఇక్కడికి గంట తొవ్వ. ఐదు నెలలు నడిచినయా ఇవి?"

"ఫోన్ చెయ్యాల్సింది మీరు."

"చేసిన. మూడుసార్లు చేసిన. పంపుతం పంపుతం అన్నరు. నాలుగోసారి చెయ్యలే. గది నా తప్పే, ఒప్పుకుంట. మీరు ఏదన్న ఒప్పుకుంటరేమో చూస్త... నార్మల్. నార్మల్. ఇది నార్మలే... ఇది..."

"ఏమైంది?"

"మీరు సదవలేదా సార్ ఇవి?"

"నేనెందుకు సదువుత? నా పని కాదు."

"తారాబాయిది. పక్కూరామె, బీడీలు చేస్తది. క్యాన్సర్ అనుమానం ఉంది, వెంటనే పెద్ద దవఖానకు పంపాలె అని రాసిండ్రు. వెంటనే అన్న మాట కింద ఎర్ర గీత గూడ గీసిండ్రు. మే తొమ్మిదిన."

"ఏదీ, ఆ కాయిదం ఇటియ్యుండ్రి."

"చూసిండ్రు గదా, మాట్లాడుండ్రి."

"ఏం మాట్లాడాలె."

"ఆమె జూన్ దాక ప్రతి మంగళారం వచ్చింది సార్. వచ్చిందా సిస్టరమ్మా అని అడిగేది. రాలే, వస్తే నేనే చెప్త, ఫికర్ చెయ్యకు అన్న. నా నోటితోనే అన్న. తర్వాత ఆమె వచ్చుడు బంద్ చేసింది. మంచిగైందేమో అనుకున్న."

వాకిట్లో ఆటో ఆగింది. కొంచెం సేపటికి తారాబాయి లోపలికి వచ్చింది.

"సిస్టరమ్మా, ఉన్నవా?"

"తారాబాయీ... రా. కూసో. గంత చిక్కినవేందే."

"ఉన్న గదా, నడుస్తున్న. పెద్దసారు వచ్చినట్టుంది. మళ్ల రావాల్నా?"

"వద్దు, కూసో. మీరెందుకు లేస్తున్నరు సార్?"

"మీరు మాట్లాడుకోండ్రి. నేను బయట ఉంట."

"కూసోండ్రి. ఈమెతోని మాట్లాడేది మీరే. నేను జూన్ దాక ప్రతి మంగళారం మాట్లాడిన."

"సిస్టర్, ఇది మెడికల్ సంగతి, నేను..."

"ఐదు నెలలు మీ దగ్గర ఉన్నప్పుడు మెడికల్ సంగతి గాదా?"

"చూడమ్మా... నీ పేరు తారాబాయే గదా. అదేందంటే, కొన్ని సాంకేతిక కారణాల వల్ల..."

"గా సాంకేతిక కారణాలు ఆమె ఒంట్ల ఎక్కడున్నయో గది చెప్పుండ్రి."

"చెప్పనియ్యుండ్రి సిస్టర్. అమ్మా, నీ రిపోర్టు వచ్చింది. అండ్ల జర తేడా ఉంది."

"ఎంత తేడా సార్?"

"జర."

"మేము ఆకు కొలిచి కత్తిరించేటోళ్లం సార్. జర ఎక్కువైనా జర తక్కువైనా సేటు బీడీ పక్కకు పారేస్తడు. జర అంటే ఎంతనో చెప్పుండ్రి."

"పెద్ద దవఖానల చూపించుకోవాలె."

"ఎందుకు?"

"వాళ్లు చెప్తరు."

"మీరు చెప్పుండ్రి సార్. మీ చేతులనే ఉంది గదా కాయిదం."

"క్యాన్సర్ అని అనుమానం ఉందమ్మా. గర్భసంచి మూతి కాడ."

"ఎప్పుడొచ్చింది గా కాయిదం?"

"మే నెలల."

"ఇన్ని దినాలు యాడుంది?"

"ఆఫీసుల."

"ఆఫీసుల యాడ సార్?"

"నా బల్ల మీద. వేరే ఫైళ్ల కింద పడ్డది. నేను చూడలే. చూడలే అంటే... కవరు చూసిన. ఇప్పలే."

"సిస్టరమ్మా, నువ్వేడ్వకు."

"నాకెందుకు చెప్తవే ఏడ్వొద్దని. సార్‌కు చెప్పు, తల దించుకున్నడు. తారా, నా మాట ఇను. ఇప్పుడే పోదాం. సార్ జీపు బయటనే ఉంది, కరీంనగర్ దాక మనను దింపుతడు. దింపుతరు గదా సార్? దింపుతరు. నీ తోడు నేనుంట. లే."

"నేను కరీంనగర్ పోయొచ్చిన సిస్టరమ్మా."

"ఏంది?"

"జులైల నెత్తురు ఆగకపోతే మా తమ్ముడు లచ్చయ్య తీస్కపోయిండు. నాది నాకెర్కే. గర్భసంచి తీసే టైం దాటిపోయిందన్నరు. ఇప్పుడు కరెంటు పెడుతున్నరు, రేడియేషనట. రెండు నెలల ముందు వస్తే వేరే తీరుండు అన్నడు గా డాక్టరు."

"మరి... మరి ఇయ్యాల రిపోర్టు కోసం రాలేదా తల్లీ?"

"రిపోర్టు నేనేం చేసుకుంట? బయట ఆటోల నాతోని బీడీలు చేసేటోళ్లు ఏడుగురున్నరు. ఎన్నిసార్లు చెప్పినా సిగ్గని రాలే. నిన్న నా చీర ఇప్పి, ఎండిన ఒళ్లు చూపించి, పట్టుకొచ్చిన. నన్ను ఇడిసిపెట్టి ఆళ్లకు పరీక్ష చెయ్యి సిస్టరమ్మా, ఇయ్యాల మంగళారమే గదా."