పిచ్చుక దూకలేదు

అబ్బా, నెమ్మదిగా నాయనా! నువ్వు గుచ్చుతున్నది కోటుకి కాదు, నా పక్కటెముకకి. ఒకప్పుడు ఈ కోటుకీ నాకూ మధ్య వేలు దూరే సందుండేది కాదు. ఇప్పుడు చూడు, లోపల ఇంకో ముసలాణ్ణి దాచొచ్చు.

అవును, సాయంత్రానికే కావాలి. సభా కాదు, సన్మానమూ కాదు. చావుకి. పోయినవాడి భార్య కబురు పెట్టింది, "బావగారూ, యూనిఫారంలో రండి, పతకాలన్నీ పెట్టుకుని రండి, ఆయన కోరిక" అని. కాదంటానా? నోటి నిండా గుండుసూదులు పెట్టుకున్నావు గనక నువ్వూ కాదనలేవు.

ఏమిటి, ఆ ఎర్ర రిబ్బను పతకం సంగతా? అందరి కళ్లూ దాని మీదే పడతాయి. సరే విను. ఎలాగూ నన్ను కదలనివ్వవు కదా.

నేను బాంబులెయ్యడానికి చేరలేదయ్యా. ఉత్తరాలు మోసే విమానం నడుపుదామనుకున్నాను. మా నాన్న బస్సు డ్రైవరు. ఆయన బండి నేల మీద, నాది గాల్లో, అంతే తేడా అనుకున్నా. ఇంతలో యుద్ధమొచ్చి పడింది. సంచుల బదులు బాంబులెక్కించారు. ఎక్కడెయ్యాలో ఒకరు చెబుతారు, ఎటు పోవాలో ఇంకొకరు చెబుతారు, నేను నడపడమే. పైనుంచి చూస్తే ఊళ్లు ఊళ్లలా ఉండవు. పొగ కనిపిస్తుంది. పొగ కింద ఏముందని ఎవరైనా అడిగి ఉంటే... ఎవరూ అడగలేదులే. నేనూ అడగలేదు.

మొదటిసారి వెళ్లొచ్చాక కడుపులో ఉన్నదంతా కక్కేశాను. పోనుపోను ఏమైందనుకున్నావు? తిరిగొచ్చి రెండు గుడ్లు తిని, గుర్రుపెట్టి పడుకునేవాణ్ణి. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. అదే రోత.

మా విమానంలో ఐదుగురం. దారి చూపేవాడు అంతకుముందు బడిపంతులు, మాస్టారనే పిలిచేవాళ్లం. రేడియో చూసేవాడొకడు, బాంబులు వదిలేవాడొకడు. ఇక తోకలో తుపాకీ పట్టుకుని కూర్చునేవాడు పిచ్చుక. పిడికెడు మనిషి! ఆ గూట్లో మనలాంటివాళ్లం పట్టం, వాడేమో దర్జాగా కాళ్లూపుకునేవాడు. నన్ను 'అన్నా' అనేవాడు. ఆఫీసర్ని అన్నా అనకూడదురా అంటే, "అలాగే సార్... అన్నా" అనేవాడు. వాడేనయ్యా, నిన్న పోయింది.

ఆ రోజు పొద్దున్న, రైలు వంతెన మీద వేసి వెనక్కొస్తున్నాం. కిందనుంచి కొట్టారు. కుడి ఇంజను అంటుకుంది. రెక్క నిండా పెట్రోలు, దాని మీద పాకుతున్న మంట. అలాంటప్పుడు ఏం చెయ్యాలో మాకు నూరిపోశారు, ఆలోచించే పనే లేదు. "దూకండి, అందరూ దూకండి" అని, మాలో మేం మాట్లాడుకునే ఫోన్లో రెండుసార్లు అరిచాను. మాస్టారు నా భుజం తట్టి దూకాడు. వెనకే మిగతా ఇద్దరూ. తోకలోంచి మాటా పలుకూ లేదు. వాడూ దూకేసి ఉంటాడనుకుని పట్టీలు విప్పుకుని లేచాను. చెవుల మీది ఫోను తీసేయబోతుంటే అందులోంచి, "అన్నా, ఉన్నావా?"

ఎన్ని బూతులు తిట్టానో! "దూకరా వెధవా!" అంటే, "ఏమిటన్నా? ఏం వినపడట్లేదు, లైను కరకరమంటోంది" అంటాడు.

వదిలేసి ఎలా దూకను? మళ్లీ కూర్చున్నాను. ఏదైతే అదవుతుందని విమానం ముక్కు కిందికి నొక్కి, రాయిలా వదిలేశాను. ఆ గాలి విసురుకి, దీపం ఊదినట్టు, మంట ఆరిపోయింది!

ఆరిపోయిందయ్యా. ఒక్క ఇంజనుతో ఈడ్చుకుంటూ మా స్థావరం చేరాం.

దూకిన ముగ్గుర్నీ పారాచూట్లతో సహా గాలి సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. అసలే చలికాలం. ముగ్గురూ ఈత వచ్చినవాళ్లే.

చెయ్యెత్తమంటావా? ఇదిగో.

పతకం పెట్టిన పెద్దాయన, తోటివాణ్ణి విడిచిరాని ధీరుడన్నాడు. చప్పట్లు. నా ఆర్డరు తప్పని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. నేనే మా పై అధికారిని అడిగాను. "చెయ్యాల్సిందే చేశావు" అన్నాడు. మాస్టారి తల్లి దగ్గరికీ వెళ్లాను. కుర్చీ వేసి టీ ఇచ్చింది. తిట్టినా బాగుండును.

ఆ తర్వాతా? కొత్తవాళ్లకి విమానం నేర్పాను. మంటలొస్తే మీవాళ్లని దూకమని చెప్పండనే నేర్పాను. ఇంకేం నేర్పమంటావు?

పిచ్చుక సైకిల్ షాపు పెట్టుకున్నాడు. పెళ్లి, పిల్లలు, మనవలు. ఎవరు కనపడినా సరే, "అందరూ పోతే ఈయనొక్కడే నా కోసం ఆగాడు" అని నన్ను చూపించేవాడు. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించేది.

మొన్న ఆసుపత్రిలో, భార్యని మందులకని బయటికి పంపి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఆ రోజు లైను బాగానే ఉంది. రెండుసార్లూ వినపడింది. దూకాలంటే కాళ్లు రాలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నా. అందరూ వెళ్లిపోయారేమోనని ఇంకా భయమేసి నిన్ను పిలిచా. నా పిరికితనానికి నీకు పతకమిచ్చారన్నా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏమనాలి నాయనా? కోపం రావాలి కదా! లోపలంతా వెతుక్కున్నాను, దొరకలేదు. వాడు దూకి ఉంటే నేనూ దూకేవాణ్ణి, ఆ నీళ్లలోకే. "నాకు అప్పుడే తెలుసులేరా" అన్నాను. పచ్చి అబద్ధం. వాడు మొహం తుడుచుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఇవాళ అక్కడ వాడి ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పాలట. చెబుతా, నాదేం పోయింది. దూకిన ఆ ముగ్గురి గురించి చెప్పమని ఇన్నేళ్లలో నన్నెవరూ పిలవలేదు. పిలిచినా ఏం చెబుతాను? నా మాట విన్నారు అని చెబుతాను. అంతే కదా.