బస్సు ఏడిదాక వచ్చింది

పటాన్‌చెరు దాటాక, లక్డారం వైపు కొత్తగా కట్టిన ఒక వాటర్ పార్కు. కార్లు నిలిపే మైదానం. అక్కడి నుంచి పార్కు గేటు రెండు కిలోమీటర్లు. గురువారం, మధ్యాహ్నం మూడు దాటింది. పార్కింగ్ చీటీలు కోసే బాలప్ప, కారు దిగి నిలబడ్డ ప్రవీణ్, రేకుల షెడ్డు నీడలో కూర్చున్న అతని అత్త, భార్య రుచిత తల్లి నర్సింహమ్మ.

"మూడు వందలు తీసుకున్నవ్ గదా కాకా. దేనికి తీసుకున్నవ్?"

"పార్కింగుకు రెండు వందలు, బస్సుకు వంద. చీటి మీద రాసున్నది సార్."

"ఆ బస్సేది మరి?"

"చీటి మీద ఉన్నది."

"చీటి మీద కాదు కాకా, రోడ్డు మీద ఏది?"

"వస్తది."

"ఎప్పుడొస్తది?"

"ఇరవై నిమిషాలకొకటి. అది గూడ రాసున్నది."

"మేమొచ్చి యాభై నిమిషాలైంది."

"అంటే ఈపాటికి రెండు రావాలె. నేను గూడ అదే సూస్తున్న."

"మొత్తం ఎన్ని బస్సులున్నయి మీకు?"

"ఒక్కటే సార్."

"సరే. అత్తమ్మను కారుల గేటు దాక దింపి, కారు మళ్ల ఈడనే తెచ్చి పెడ్త."

"దింపుడుకు అలగ్ చీటి. నూటయాభై. గేటు కాడ కోస్తరు."

"ఆడనే కోయించుకుంట. తియ్యి దారికి అడ్డమేసిన ఆ గొలుసు."

"ఒకసారి ఈడ చీటి కోసినంక కారు బయటికి పోవాల్నంటె, గేటు కాడ ముద్ర ఏయించుకరావాలె."

"ముద్ర కోసం గేటు కాడికి ఎట్ల పోవాలె?"

"బస్సుల."

"కంప్లైంట్ రాస్త. పుస్తకం ఏడున్నది?"

"గేటు కాడ."

"ఆడికి ఎట్ల పోవాల్నో చెప్పకు."

"చెప్తలే సార్. మీకు తెలిసిపాయె గదా."

"అల్లుడా, ఆయనతోని లొల్లి ఎందుకు? రుచిత, పాప నడుసుకుంట పోనే పోయిండ్రు. నువ్వు గూడ పో. నేను ఈ షెడ్డు కిందనే కూసుంట. సల్లగున్నది ఈడ."

"నీ కోసమే వచ్చినం అత్తమ్మా. పొద్దుగాల జోగిపేటకొచ్చి నిన్ను తోల్కొచ్చింది ఈ షెడ్డు చూపియ్యనీకెనా?"

"నా మోకాలు రెండు కిలోమీటర్లు రాదు బిడ్డా. అర కిలోమీటరు గూడ రాదు."

"అందుకే గదా వంద ఎక్కువ ఇచ్చింది."

"తమ్మి, పార్కుల ఆ అలలు ఎన్నింటి దాక ఉంటయి?"

"నాలుగు నుంచి ఐదు అక్కా. ఐదు కొట్టంగనే మోటరు బంద్ చేస్తరు."

"సముద్రంల గూడ గట్లనే బంద్ చేస్తరా?"

"నేను సూడలే. ఆడ ఎవలు డ్యూటీల ఉంటరో ఏమో."

"నేను గూడ సూడలే. అరవై ఎనిమిదేండ్లొచ్చినయి. పాడుగాను, నీళ్లు వాటంతట అవి లేచి వస్తయంటె ఒక్కసారన్న సూడాలని ఉండె. మా అల్లుడు సూపిస్త అన్నడు. మంచోడు."

"బేస్తారం నాడు తీరిక దొరికిందంటె పర్మనెంటు నౌకరి అయ్యుంటది సార్‌ది."

"కాదు కాకా. కాంట్రాక్టే. మందుగోలీల కంపెనీ, ప్యాకింగ్ లైను. ఆరేండ్లాయె."

"మా బస్సు గూడ గోలీల కంపెనీదే. పొద్దుగాల షిఫ్టోళ్లను దింపుతది, రెండింటికి షిఫ్టు దిగినోళ్లను ఇండ్లకు చేరుస్తది. నడుమ మాకు తిరుగుతది. డ్రైవర్ శ్రీశైలం."

"ఏ గోలీల కంపెనీ?"

"నీలం గేటుది."

"…నీలం గేట్లు చానా ఉంటయి."

"ఆడ కాంట్రాక్టోళ్లకు లీవే ఇయ్యరంటడు శ్రీశైలం. ఇంట్ల చావైతేనే ఇస్తరంట. మీకెట్లిచ్చిండ్రు సార్?"

"ఇచ్చిండ్రు. అడిగితె ఇచ్చిండ్రు. బస్సుకు ఫోన్ కొట్టరాదు కాకా."

"కొట్టిన. ఎత్తుతలేడు."

"అల్లుడా, చావైతేనే ఇస్తరట గదా. ఎవలు పోయిండ్రు? నాకు చెప్పనే లేదు."

"ఎవలో దూరపోళ్లు అత్తమ్మా."

"దూరపోళ్లకు ఇయ్యరు అక్కా. ఇంటోళ్లకే ఇస్తరు."

"నువ్వు ఫోన్ కొట్టు కాకా."

"మీ అమ్మనాయిన ఎప్పుడో పోయిరి. ఇంటోళ్లల్ల ఇంకెవలున్నరు అల్లుడా?"

"అత్తమ్మా…"

"నేనా?"

"…ఆఁ."

"ఎన్నడు?"

"పోయిన వారం. సోమారం."

"ఏమైందని చెప్పినవ్?"

"గుండె ఆగిందని. నిద్రల."

"నొప్పి గిట్ల ఏం రాలే గదా?"

"రాలే."

"ఆ మాటన్న మంచిగ చెప్పినవ్. సోమారం నన్ను సంపి ఏడికి పోయినవ్?"

"దవాఖానకు. పాప నిషితకు నూట మూడు జ్వరం. రుచిత ఒక్కతె ఎత్తుకొని తిరుగుతున్నది. బిడ్డకు జ్వరమంటె సూపర్‌వైజర్ సారు గోలీ ఏసి డ్యూటీకి రమ్మన్నడు. ఏం చెయ్యాల్నో సమజ్ కాలే, నోట్లకెళ్లి వచ్చేసింది."

"ఇయ్యాల మరి?"

"ఇయ్యాల నీ పదకొండో దినం."

"దినాలు గూడ చేసినవా?"

"చావు చెప్పినంక దినాలకు లీవు అడుగకుంటె అనుమానపడ్తరు గదా అత్తమ్మా."

"అది నిజమే అక్కా. పడ్తరు."

"నువ్వు జెర ఊకో తమ్మి. అందుకా నన్ను ఇయ్యాల అలల కాడికి తెచ్చింది?"

"ఆఁ. పది రోజుల సంది నిద్ర పడ్తలేదు. నీ పేరు మీద వచ్చిన లీవు నీకే పెట్టాలనుకున్న. నీకు అలలు చూపిస్తెనన్న ఈ పాపం కొంచెం దిగుతదనుకున్న."

"ఉత్త మాట మీదనే నమ్మిండ్రా కంపెనీల?"

"…కాయితం అడిగిండ్రు."

"ఏ కాయితం ఇచ్చినవ్?"

"కాకా, బస్సు…"

"బస్సు వస్తది సార్. అక్క ఏదో అడుగుతున్నది."

"ఏ కాయితం అల్లుడా?"

"నీ పింఛన్‌ది. కంప్యూటర్లకెళ్లి తీసిచ్చిండ్రు గదా, నీ పేరు ముంగట మృతి అని ఉన్నది."

"అది నువ్వు తీస్కపోయినవా? బియ్యం డబ్బల సూసిన, పరుపు కింద సూసిన, నీళ్ల గోలెం జరిపి సూసిన. ఎలక కొట్టిందనుకున్న!"

"వాపస్ తెచ్చిస్త అత్తమ్మా."

"దాని మీద రెండేండ్ల కిందటి తారీకు ఉండె గదా. నన్ను పోయినారం సంపితె ఎట్ల నమ్మిండ్రు?"

"తారీకు మీద చాయ్ ఒలకపోసిన."

"రెండేండ్లు, తమ్మి. నువ్వే చెప్పు. రెండేండ్ల సంది ప్రతి సోమారం ఆఫీసుకు పోతున్న. ఆ సారు ముంగట నిలవడి, సారూ నేను బతికున్న, నన్ను సూడు అంటె, కంప్యూటర్ల నువ్వు లేవమ్మా అంటడు. ఆధార్ సూపిచ్చిన. వేలు పెట్టిన. అక్కడ గడియ సేపు ఏడ్సిన గూడ. ఏడ్సుడు కంప్యూటర్ల ఎక్కదంట."

"ఎక్కదక్కా. మా చీటీల మిషన్‌ల గూడ గంతే."

"పింఛన్ పైసలు పోతె పాయె. నన్ను సూసుకుంట నన్ను లేవంటె ఎట్లుంటదో తెలుసా అల్లుడా? ఆడ నన్ను సంపినోళ్లు ఎవలో నాకు తెల్వదు. నువ్వు ఇంటోనివి."

"తప్పైంది అత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత."

"కాళ్లు వద్దు, మోకాలు నొస్తున్నది. రేపు డ్యూటీకి పోయి సారుకు చెప్పాలె. మా అత్తమ్మ బతికున్నదని నీ నోటితోని చెప్పాలె. ఒక్క ఆఫీసులన్న ఒక్కడన్న ఆ మాట అనాలె."

"చెప్తె నౌకరి పోతది."

"పోతదా?"

"పోతది. ఈ నెలల పర్మనెంటు ఉత్తరం వస్తదని అంటుండ్రు. ఆరేండ్లకు వస్తున్నది. అబద్ధం ఆడి లీవు పెట్టిండని తెలిస్తె ఉత్తరం కాదు, గేటు గూడ తియ్యరు."

"మరి ఏం చేస్తవ్?"

"…చెప్త. ఒట్టు. రేపు పొద్దుగాలనే చెప్త."

"సార్, శ్రీశైలం ఫోన్ చేస్తుండు."

"మాట్లాడు కాకా, మాట్లాడు. ఏడిదాక వచ్చిండో అడుగు."

"హలో శ్రీశైలం. ఏడిదాక వచ్చినవ్? … ఏడ? … జోగిపేటనా? ఈడ మంది నా మీద పడ్తుండ్రు, నువ్వు జోగిపేటకెందుకు పోయినవ్? … ఆఁ. … ఆఁ. … ఎంతమంది? … ఒక్క నిమిషం లైన్ల ఉండు. సార్, మీ పేరు ప్రవీణ్ గదా?"

"చీటి మీద రాసుకున్నవ్ గదా. ఎందుకు?"

"ప్యాకింగ్ లైనోళ్లు ముప్పై ఇద్దరు షిఫ్టు దిగి అదే బస్సుల జోగిపేటకు పోయిండ్రంట. ప్రవీణ్ అత్త దినాలకు."

"…ఏందీ?"

"ఇల్లు దొరుకుతలేదట. పావుగంట నుంచి తిరుగుతుండ్రట. షామియానా ఏడన్న కనవడ్తదా అని సూస్తుండ్రు."

"కాకా, గంట పైన దూరమని జోగిపేట పేరు చెప్పిన. ఎవలు రారనుకున్న!"

"ఎందుకొస్తరు అల్లుడా అంత దూరం? నేను వాళ్లకు ఏమైత?"

"మా లైన్ల రివాజు అత్తమ్మా. ఎవల ఇంట్ల దినాలున్నా అందరం పోతం. కళ్యాణ్ వాళ్ల నాయిన దినాలకు నేను గూడ పోయిన. పోయి, ఏడ్సి, తినొచ్చిన. యాదికే లేకపాయె."

"యాట కోస్తరని ఆశపడి వచ్చుంటరు సార్. పొద్దుగాల సంది డ్యూటీల ఉండిరి పాపం. మీకు ఫోన్ చేస్తె కలుస్తలేదట."

"బంద్ పెట్టిన. కంపెనీకెళ్లి ఫోన్ వస్తదని."

"సూపర్‌వైజర్ సారు గూడ ఉన్నడంట బస్సుల. సూర్యప్రకాశరావు సారు."

"సారు వచ్చిండా?"

"మీ పర్మనెంటు ఉత్తరం జేబుల పెట్టుకొని వచ్చిండంట. దుఃఖంల ఉన్నడు, పదిమంది ముంగట చేతికిస్త, జెర ధైర్యమొస్తది అన్నడంట."

"పదిమంది ముంగటనా?"

"ఇంకోటి సార్. ఇగ సారే దిగి కిరాణా షాపుల అడుగుత అంటుండట. నర్సింహమ్మ ఇల్లు ఏదని."

"అయ్యో, ఆ కిరాణా కొట్టాయనకు పొద్దుగాలనే చెప్పొచ్చిన అల్లుడా. కారుల పోతున్న, అలలు సూడనీకె పోతున్న అని. బజారు మొత్తం చెప్పిన."

"ఆపుమను కాకా. దిగొద్దని చెప్పు!"

"నేను ఏమైతనని చెప్పాలె సార్? పార్కింగోన్ని. నేను చెప్పగలిగేది ఒక్కటే. ఇప్పుడు మళ్లితె బస్సు నాలుగు ముప్పావుకు ఈడుంటది. అక్కకు అలలు పది నిమిషాలన్న దొరుకుతయి."

"తే కాకా ఫోను. చెప్పేస్త."

"ఏమని?"

"మా అత్తమ్మ బతికున్నది, నా పక్కనే కూసున్నది అని. రేపు చెప్పేది ఇయ్యాలనే చెప్త."

"ఉత్తరం ఆయన జేబులనే ఉన్నది సార్. ఇంకో గంట గూడ ఆగరా?"

"తెలుసు. పోతె పోనీ. ఆరేండ్లు ఎట్లనో ఎల్లినయి. తే."

"ఇటియ్యి తమ్మి."

"వద్దత్తమ్మా. నువ్వే అన్నవ్ గదా, నా నోటితోనే చెప్పాల్నని."

"అన్న. నువ్వు చెప్తవని నాకు తెలిసిపాయె, ఇగ సాలు. ఇటియ్యి. తమ్మి, ఎట్ల పట్టుకోవాలె దీన్ని?"

"గట్లనే అక్కా. శ్రీశైలం, ఇంటోళ్లు మాట్లాడుతరంట. నాకు తెలిసినోళ్లే. ఫోను సారుకియ్యి. … ఆఁ, మాట్లాడక్కా."

"హలో. సూర్యప్రకాశరావు సారా? నమస్తె సారు. … ఆఁ, ఇంటోళ్లమే. దినాలు పొద్దుగాలనే అయిపోయినయి సారు. బువ్వలు గూడ అయినయి. అంత దూరం మందిని తోల్కొని వచ్చిండ్రు, మీ మంచితనం మర్వం. … లేదు, లేదు, దిగకుండ్రి. అల్లుడు ఇంటికాడ లేడు. నీళ్ల కాడికి పోయిండు. … బాగనే బాధపడ్తుండు సారు. పది రోజుల సంది నిద్ర పోతలేడు. … ఆ ఉత్తరం రేపు డ్యూటీల ఇయ్యిండ్రి, సంతోషపడ్తడు. బస్సు జల్దీ మళ్లియ్యిండ్రి, ఎవలో ఎదురుసూస్తుంటరు. … నేనా సారు?"

"అత్తమ్మా…"

"ఊకో. … నేను ఆమె చెల్లెను సారు. సోమమ్మను. … ఆఁ, మంచిదే ఉండె మనిషి. నిద్రల్నే పోయింది. … అయ్యో, మళ్ల అడుగుతరేంది సారు, నర్సింహమ్మ లేదు. కాయితం మీ కాడనే ఉన్నది గదా."